అద్దెదారును ఖాళీ చేయించే కేసు ఖర్చు ఎవరు భరించాలి? అడ్వాన్స్‌లో పట్టుకోవచ్చా?

మాస్టారు గారూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మీకు ఫ్లాట్ ఉంది. అద్దె నెలకు 28,000. పది నెలల అడ్వాన్స్ 2,80,000 మీ దగ్గరే ఉంది. పదకొండు నెలల అగ్రిమెంట్ ముగిసి ఏడాది దాటింది, మళ్లీ రాసుకోలేదు. ఐదు నెలలుగా అద్దె రావడం లేదు. ఖాళీ చేయమంటే "అడ్వాన్స్‌లో పట్టుకోండి" అని ఫోన్ పెట్టేస్తున్నారు. మీరేమో కదిరిలో ఉంటారు. కేసు వేస్తే లాయర్ ఫీజు, కోర్టు ఫీజు, రాకపోకల ఖర్చు ఎవరు భరించాలి, అవన్నీ అడ్వాన్స్‌లోంచి కోసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

మాది హిందూపురం. ఇరవై రెండేళ్లుగా బెంగళూరు కోర్టుల్లో సివిల్ కేసులు చూస్తున్నాను. ఓనర్ల తరఫునా వాదించాను, అద్దెదారుల తరఫునా వాదించాను.

ముందు సూటిగా జవాబు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల ఖర్చు ఇవ్వాలన్నదే చట్టం. కానీ డిక్రీలో, అంటే తీర్పు తర్వాత కోర్టు ఇచ్చే తుది ఆదేశంలో రాసి ఇచ్చే ఖర్చు మీరు నిజంగా పెట్టినదాంట్లో కొంత మాత్రమే ఉంటుంది. లాయర్ ఫీజును అడ్వాన్స్‌లోంచి మీ అంతట మీరే కోసుకోవడం మాత్రం సరికాదు. ఇంకో మాట, ఇది అన్నిటికన్నా గట్టిగా మీకు చెప్పాలనుకుంటున్నాను. ఇలాంటి కేసుల్లో ఓనర్లను ముంచేది లాయర్ ఫీజు కాదు, కేసు నడిచినన్ని నెలలు రాని అద్దె. ఆ డబ్బు మాత్రం చట్ట ప్రకారం పూర్తిగా రాబట్టుకోవచ్చు, కాకపోతే మొదటి రోజు నుంచే అడగాలి. చాలామంది ఫీజు గురించి టెన్షన్ పడుతూ దీన్ని వదిలేస్తారు.

మీ కేసు ఏ చట్టం కిందకి వస్తుందో చూద్దాం. కర్ణాటక అద్దె చట్టం, 1999 అనేది 2001 డిసెంబరు 31 నుంచి అమల్లో ఉంది. బెంగళూరులో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. ఈరోజు బీటీఎంలో ఒక గది కూడా ఆ అద్దెకు దొరకదు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. అగ్రిమెంట్ గడువు అయిపోయాక కూడా మీరు అద్దె తీసుకుంటూ వచ్చారు కాబట్టి అది నెలనెలా సాగే అద్దెగా మారింది. సెక్షన్ 106 కింద పదిహేను రోజుల నోటీసు ఇస్తే ఆ అద్దె ముగుస్తుంది. ఫలానా కారణం ఉండాలని అక్కడ లేదు. అద్దె ఎగ్గొట్టారని నిరూపించాల్సిన పని కూడా లేదు. నోటీసు సరిగ్గా ఇచ్చారా, గడువు దాటిందా, ఇంత మాత్రమే చూస్తారు.

బెంగళూరు నగరంలో ఈ దావాలు స్మాల్ కాజెస్ కోర్టుకు వెళతాయి. కోర్టు ఫీజు గురించి మీరు భయపడుతున్నంత లేదు. ఫ్లాట్ ఖరీదు 90 లక్షలు అయితే దాని మీద ఫీజు కట్టాలేమో అని చాలామంది వెనకాడతారు. అలా కాదు. అద్దెదారు మీద వేసే దావాకు, దావా వేసే ముందటి ఏడాది అద్దె మీదే ఫీజు లెక్కిస్తారు. మీ విషయంలో పన్నెండు 28 వేలు, అంటే 3,36,000 మీద. బాకీ అద్దె కూడా కలిపి అడిగితే దానికి వేరేగా కట్టాలి.

ఇక ఖర్చుల సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 35 ప్రకారం ఖర్చులు ఇప్పించడం జడ్జి విచక్షణ. కానీ గెలిచినవాళ్లకు ఖర్చులు ఇప్పించకపోతే ఎందుకు ఇప్పించలేదో రాతపూర్వకంగా కారణం చెప్పాలని అదే సెక్షన్‌లో ఉంది. ఆర్డర్ 20-ఏలో ఏవేవి ఖర్చుల కింద వస్తాయో చెప్పారు. దావాకు ముందు ఇచ్చిన నోటీసు ఖర్చు, టైపింగ్, రికార్డుల పరిశీలన రుసుము, సాక్షులను తెచ్చిన ఖర్చు, ఇలాంటివన్నీ. సుప్రీంకోర్టు 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో ఇంకా ముందుకు వెళ్లింది. ఖర్చులంటే నామమాత్రంగా ఉండకూడదు, గెలిచిన మనిషి వెచ్చించిన సమయం, ప్రయాణం, బస, లాయర్ ఫీజు అన్నీ లెక్కలోకి రావాలని చెప్పింది.

మరి చేతికి తక్కువ ఎందుకు వస్తుంది? లాయర్ ఫీజు మీరు నాకిచ్చినంత కాదు, నిబంధనల్లో పట్టిక ప్రకారం లెక్కిస్తారు. ఆ పట్టికలు పాతకాలపువి. తెలిసి తెలిసి అబద్ధపు వాదన చేసిన వాళ్లకు సెక్షన్ 35-ఏ కింద వేసే పరిహారానికి గరిష్ఠం 3,000 రూపాయలు. అవును, మూడు వేలే. 2011లో ఢిల్లీ నుంచి వెళ్లిన సంజీవ్ కుమార్ జైన్ కేసులో హైకోర్టు 45 లక్షలకు పైగా ఖర్చులు ఇప్పిస్తే, సుప్రీంకోర్టు దాన్ని పక్కన పెట్టి, నిబంధనల్లో ఉన్నంత వరకే ఇప్పించగలమంది. నిబంధనలనే మార్చాల్సిన అవసరం ఉందని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. నిజాయితీగా ఇల్లు అద్దెకిచ్చిన మనిషి, కాలయాపన చేసేవాడి వల్ల చేతి చమురు వదిలించుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ మూడు వేల పరిమితిని ఎత్తేయాలి. అది మారేదాకా ఉన్నదాన్ని పూర్తిగా వాడుకోవడమే మన పని. అక్కడే మనవాళ్లు తప్పు చేస్తున్నారు.

ఒక పెద్దావిడ గురించి చెబుతాను. మదనపల్లె నుంచి ప్రతి వాయిదాకూ బస్సులో వచ్చేవారు. మందుల షాపు వాళ్లిచ్చే కవరులో బస్సు టికెట్లు, నోటీసు పంపిన పోస్టు రసీదు, టైపింగ్ బిల్లు, బత్తా (సమన్లు, సాక్షుల కోసం కోర్టులో కట్టే డబ్బు) రసీదులు తేదీల వారీగా పేర్చి, రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నారు. మూడేళ్లవి. కేసు గెలిచారు. తీర్పులో "ఖర్చులతో సహా" అనే ఉంది. డిక్రీ అమలు కోసం ఆవిడ నా దగ్గరికి వచ్చినప్పుడు డిక్రీ కింద ఉండే ఖర్చుల పట్టిక చూశాను. కోర్టు ఫీజు ఉంది, వకాల్తా స్టాంపు ఉంది, బత్తా ఉంది. లాయర్ ఫీజు గడిలో గీత గీసేశారు. ఫీజు సర్టిఫికెట్ (ఇంత ఫీజు ముట్టిందని లాయరు రాసిచ్చేది) ఎవరూ దాఖలు చేయలేదు, ఖర్చుల మెమో (ఖర్చుల జాబితా) ఇవ్వలేదు. ఆవిడ ఆ కవరు నా బల్ల మీద పెట్టి, "ఇవి ఎవరూ అడగలేదమ్మాయీ, ఇప్పుడు ఇస్తే తీసుకుంటారా" అన్నారు. అప్పటికే డిక్రీ తయారైపోయింది. ఆవిడకు ఏం చెప్పాలో నాకు ఆ రోజు నోట మాట రాలేదు.

అప్పటి నుంచి నేను ఏ కేసులోనైనా తీర్పుకు ముందే మెమో, రసీదులు, ఫీజు సర్టిఫికెట్ పెట్టేస్తాను. మీ లాయరు గారిని మొహమాటపడకుండా అడగండి. ఫీజు ఆయనకు చెక్కు ద్వారానో, బ్యాంకు ద్వారానో ఇచ్చి రసీదు తీసుకోండి. నగదు ఇచ్చి రసీదు లేకపోతే కోర్టుకు చూపించడానికి ఏమీ ఉండదు.

వాయిదాల ఖర్చు కూడా వదలొద్దు. అవతలివాళ్లు కారణం లేకుండా వాయిదా అడిగిన ప్రతిసారీ ఖర్చులు వేయమని మీ లాయరు లేచి అడగాలి. సెక్షన్ 35-బి కింద వేసిన ఖర్చు తర్వాతి వాయిదాకు కట్టకపోతే వాళ్ల వాదన ముందుకు సాగనివ్వకుండా ఆపే అధికారం కోర్టుకు ఉంది. ఐదు వందలో, వెయ్యో వేస్తారు, దాంతో మీ బస్సు చార్జీ కూడా రాదు. అయినా రికార్డులో ఎవరు సాగదీస్తున్నారో పడుతుంది. చివర్లో ఖర్చుల గురించి వాదించేటప్పుడు అది చాలా ఉపయోగపడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నోటీసు గడువు ముగిసిన మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఉంటున్న మనిషి అద్దెదారు కాదు. ఆ రోజు నుంచి అతను కట్టాల్సింది పాత అద్దె కాదు, ఆ ఇంటికి మార్కెట్లో ఎంత వస్తుందో అంత. దీన్ని కోర్టులో మెస్నే ప్రాఫిట్స్ అంటారు, వాడుకలో డ్యామేజీలు అంటాం. మీ అపార్ట్‌మెంట్‌లోనే పక్క ఫ్లాట్ 36 వేలకు పోతుంటే ఆ అగ్రిమెంట్ కాపీ సంపాదించి మీ సాక్ష్యంలో పెట్టండి. నెలకు 8 వేల తేడా, ఏడాదిన్నర కేసు నడిస్తే 1,44,000. ఇది పాత అద్దె బాకీకి అదనం. కోర్టు ఇప్పించే ఖర్చుల కన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ దావాలో అడగకపోతే రాదు. ఖాళీ చేయించండి చాలు అని దావా వేసి, తర్వాత బాధపడే వాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

డిక్రీ వచ్చాక అవతలివాళ్లు హైకోర్టుకు రివిజన్ (తీర్పును మళ్లీ పరిశీలించమనే పిటిషన్) వెళ్లి స్టే అడుగుతారు. అప్పుడు కూడా ఇదే పట్టుకోండి. ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది, స్టే ఇచ్చేటప్పుడు డిక్రీ తేదీ నుంచి మార్కెట్ అద్దెకు తగ్గట్టు డబ్బు కట్టమని షరతు పెట్టవచ్చని. ఆ షరతు పడగానే సగం మంది రాజీకి వస్తారు.

అడ్వాన్స్ విషయం. అది మీ దగ్గర ఉన్నా అద్దెదారు డబ్బే. బాకీ అద్దె, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్, అగ్రిమెంట్‌లో రాసుకుని ఉంటే పెయింటింగ్, వీటికి ఖాళీ చేసేటప్పుడు పట్టుకోవచ్చు. లాయర్ ఫీజు కోర్టు తేల్చకుండా పట్టుకుంటే, రేపు ఖాళీ చేశాక ఆ డబ్బు కోసం ఆయనే మీ మీద దావా వేస్తాడు. "కేసు ఖర్చులన్నీ అద్దెదారే భరించాలి" అని మీ అగ్రిమెంట్‌లో వాక్యం ఉందా? ఉంటే మంచిదే, దాన్ని చూపించి అడగవచ్చు. కానీ దాన్ని పట్టుకుని ఎంత పడితే అంత వసూలు చేయలేరు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం అగ్రిమెంట్‌లో ఎంత జరిమానా రాసుకున్నా, కోర్టు సమంజసమైనంత వరకే ఇప్పిస్తుంది. కొందరు ఏజెంట్లు తయారు చేసే అగ్రిమెంట్లలో "ఖాళీ చేయకపోతే రోజుకు ఐదు వేలు" అని ఉంటుంది. అది చదివి ధైర్యంగా కూర్చోవద్దు.

"అడ్వాన్స్‌లో పట్టుకోండి" అనే మాటను మాత్రం ఒప్పుకోకండి. ఇప్పటికే ఐదు నెలలకు 1,40,000 కరిగిపోయింది. మిగిలింది ఇంకో ఐదు నెలలకే. సాక్ష్యం దాకా వెళ్లిన దావా ఐదు నెలల్లో తేలడం నేను చూడలేదు. పది నెలలూ అయిపోయాక మీ చేతిలో ఏమీ ఉండదు, కేసు ఖర్చు మాత్రం తడిసి మోపెడవుతుంది. అందుకే నోటీసు ఈ వారంలోనే వెళ్లాలి. అడ్వాన్స్‌ను అద్దె కింద సర్దుకోవడానికి నేను ఒప్పుకోలేదని ఆ నోటీసులోనే రాయించండి.

నోటీసు ఇచ్చాక ఆయన హఠాత్తుగా మీ ఖాతాలో 28 వేలు వేయొచ్చు. అద్దెగా తీసుకున్నారు కాబట్టి నోటీసును మీరే వదులుకున్నారని తర్వాత వాదిస్తారు. డబ్బు తిరిగి పంపనక్కర్లేదు. "ఇది అద్దె కాదు, మీరు ఉంటున్నందుకు రావాల్సిన డ్యామేజీల కింద జమ చేసుకుంటున్నాను, నోటీసు అలాగే ఉంది" అని అదే రోజు వాట్సాప్‌లోనూ, పోస్టులోనూ పంపండి.

మీ బావమరిది గారు కరెంటు తీయించేయమని, తాళం మార్చేయమని సలహా ఇచ్చారని రాశారు. మాస్టారూ, దయచేసి ఆ పని చేయకండి. అద్దె కట్టని మనిషినైనా కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద, బలవంతంగా బయటికి గెంటేసిన ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఆ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా అద్దెదారును మళ్లీ లోపల కూర్చోబెడతారు. కొన్నేళ్ల క్రితం నేను ఒక జంట తరఫున ఆ దావా వేశాను. ఇద్దరూ నెల్లూరు పిల్లలు, భార్యకు ఏడో నెల. ఆఫీసు నుంచి వచ్చేసరికి తలుపుకు కొత్త తాళం, సామాన్లు మెట్ల కింద, ఫ్రిజ్‌లోంచి నీళ్లు కారుతున్నాయి. వాళ్లు బాకీ ఉన్నది రెండు నెలలే. ఆ ఓనరుకు న్యాయంగా రావాల్సిన రెండు నెలల అద్దె వచ్చింది కానీ, మా ఖర్చులు, తన లాయర్ ఖర్చులు అన్నీ ఆయన నెత్తినే పడ్డాయి. పడటమే న్యాయం.

ఖర్చు ఎప్పుడూ అద్దెదారు మీదే వేయాలని నేను అనను. అద్దె ఒక్క నెల కూడా తప్పకుండా కడుతూ, పిల్లల పరీక్షలు అయ్యేదాకా రెండు నెలలు గడువు అడిగిన కుటుంబం మీద, ఎక్కువ అద్దె వస్తుందని నోటీసు ఇచ్చి దావా వేస్తే, ఆ దావా ఖర్చు ఓనరే పెట్టుకోవాలి. జడ్జీలు కూడా అలాంటి చోట "ఎవరి ఖర్చులు వారివి" అని కారణం రాసి ముగిస్తుంటారు. కేసు కోర్టు దాకా రావడానికి కారణం ఎవరన్నదే చూడాలి. అదే ఆలోచన పాత చట్టంలోనూ ఉంది. అగ్రిమెంట్ నడుస్తుండగా అద్దె బాకీ పడి లీజు రద్దయితే, అద్దెదారు విచారణ రోజున బాకీ, దాని మీద వడ్డీ, దావా ఖర్చులు పూర్తిగా కట్టి లీజు నిలబెట్టుకునే వీలు ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 114 ఇస్తుంది. అక్కడ "పూర్తి ఖర్చులు" అనే రాశారు. మీ అగ్రిమెంట్ ముగిసిపోయి, 106 నోటీసు మీద వెళుతున్నారు కాబట్టి ఆ వెసులుబాటు మీ అద్దెదారుకు వర్తించదు.

చెన్నైలో ఉన్న మీ అమ్మాయి ఫ్లాట్ గురించి కూడా అడిగారు. తమిళనాడులో దారి వేరు. అక్కడ 2019 ఫిబ్రవరి 22 నుంచి కొత్త అద్దె చట్టం అమల్లో ఉంది, వ్యవహారం రెంట్ కోర్టులో నడుస్తుంది. అగ్రిమెంట్ రాతపూర్వకంగా ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి, వేరే ఒప్పందం లేకపోతే అడ్వాన్స్ మూడు నెలల అద్దెకు మించకూడదు. అమ్మాయి అగ్రిమెంట్ నమోదు చేయించకపోతే ముందు ఆ పని చూసుకోమనండి.

రాజీ గురించి ఆలోచించండి. నోటీసు అందాక అవతలివాళ్లు మాట్లాడటానికి వస్తే, రెండు నెలల బాకీ వదులుకుని అరవై రోజుల్లో తాళం తీసుకోవడం చాలాసార్లు లాభమే. దావా వేశాక కూడా మీడియేషన్ సెంటర్‌కు పంపమని అడగవచ్చు. దావా లోక్ అదాలత్‌లో రాజీతో ముగిస్తే కోర్టు ఫీజు వాపసు వస్తుంది. కానీ నోటి మాట మీద వదలొద్దు. ఖాళీ చేసే తేదీతో రాజీ డిక్రీ తీసుకోండి. ఆ తేదీకి ఖాళీ చేయకపోతే మళ్లీ కేసు అక్కర్లేదు, నేరుగా అమలు పిటిషన్ వేసి, కోర్టు ఉద్యోగి అయిన అమీను ద్వారా తాళం తీయించవచ్చు.

చిన్న విషయం, మీ ఆడిటర్ కూడా చెప్పే ఉంటారు. అద్దె ఆదాయం మీద 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చేస్తారు కాబట్టి, ఈ కేసు ఖర్చును ఆదాయపు పన్నులో విడిగా చూపించి తగ్గించుకోవడం కుదరదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది: పాత అగ్రిమెంట్ అసలు ప్రతి, చివరిసారి అద్దె జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్, అడ్వాన్స్ తీసుకున్న ఆధారం, ఖాళీ చేయమని మీరు పంపిన మెసేజ్‌ల ప్రింట్లు ఒక ఫైల్లో పెట్టండి. నోటీసును అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పోస్టులో పంపించండి. కవరు "ఇంట్లో లేరు" అని తిరిగి వస్తే చింపి చూడకండి, సీలు అలాగే ఉంచి లాయరుకు ఇవ్వండి, కోర్టులో అదే సాక్ష్యం. కదిరి నుంచి ప్రతి వాయిదాకూ రావాల్సిన పని లేదు. అబ్బాయి బెంగళూరులోనే ఉన్నాడన్నారు కదా, అతని పేర స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాయించండి. అగ్రిమెంట్ సంతకాల గురించి సాక్ష్యం చెప్పే రోజున మాత్రం మీరే రండి, ఆ రోజు బస్సు టికెట్టు దాచుకోండి.